అప్‌గ్రేడ్ తర్వాత డెస్క్‌టాప్ రాలేదా? ముందు ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడాలి

అప్‌గ్రేడ్ పూర్తయింది, రీస్టార్ట్ చేయమంటారా అని అడిగితే సరే అని నొక్కారు. లోగో వచ్చింది, పోయింది. ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోయింది. ఎడమవైపు పైమూలన ఒక చిన్న గీత మాత్రం కొట్టుకుంటోంది. ఐదు నిమిషాలైనా అంతే. ఉబుంటు (లైనక్స్ రకాల్లో ఒకటి) 22.04 వెర్షన్ నుంచి 24.04కి వెళ్లినవాళ్లలో, అందులోనూ ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డున్న పాత కంప్యూటర్లు వాడేవాళ్లలో, చాలామంది ఈ టెన్షన్ పడ్డవాళ్లే.

ఇలాంటప్పుడు ఎక్కువమంది ముందుగా పెన్‌డ్రైవ్ వెతుక్కుంటారు. మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించేస్తే గొడవ వదిలిపోతుందని వాళ్ల ఆలోచన. ఇంకొందరు ఫోన్‌లో వెతికి, కనిపించిన కమాండునల్లా వరసగా కొట్టేస్తారు. మొదటివాళ్లకు డేటా పోతుంది. రెండోవాళ్లకు ఉన్న ఒక్క తప్పుకు ఇంకో నాలుగు తోడవుతాయి. నల్ల తెర జ్వరం లాంటిది. దాని వెనక మలేరియా ఉండొచ్చు, మామూలు జలుబూ ఉండొచ్చు. ఏదో తెలియకుండా మందు వేస్తే తగ్గితే తగ్గినట్టు, లేకపోతే లేదు.

లైనక్సులో ఒక సౌలభ్యం ఉంది. 1984లో ఎంఐటీలో ఎక్స్ విండో సిస్టమ్ మొదలైనప్పటి నుంచీ తెర మీద కిటికీలు గీసే పని విడిగా నడిచే ఒక ప్రోగ్రాముదే. ఎక్స్ స్థానంలోకి ఇప్పుడు వేలాండ్ వచ్చింది గానీ ఆ ఏర్పాటు మారలేదు. అందుకే డెస్క్‌టాప్ పడిపోయినా కింద మెషీన్ చాలాసార్లు చక్కగా నడుస్తూనే ఉంటుంది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, నెట్ పనిచేస్తుంది. కనపడనిదల్లా బొమ్మ.

స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ దాకా ఒక వరస ఉంటుంది. మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్, సిస్టమ్‌ను మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రామును లేపుతుంది. గ్రబ్ లైనక్స్ గుండెకాయైన కెర్నెల్‌ను, దానితోపాటు ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌ను మెమరీలోకి తెస్తుంది. కెర్నెల్ డిస్కును పట్టుకుని సిస్టమ్‌డీకి పగ్గాలు ఇస్తుంది. సిస్టమ్‌డీ మిగతా సర్వీసులన్నీ మొదలుపెట్టి, చివర్లో డిస్‌ప్లే మేనేజర్‌ను లేపుతుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు అది జీడీఎమ్, కేడీఈ వాళ్లకు సాధారణంగా ఎస్‌డీడీఎమ్, ఎక్స్ఎఫ్‌సీఈ వాళ్లకు ఎక్కువగా లైట్‌డీఎమ్. పాస్‌వర్డ్ అడిగేది అదే. పాస్‌వర్డ్ సరిపోయాక ఆ యూజర్ సెషన్ మొదలై అసలు డెస్క్‌టాప్ వస్తుంది. ఈ వరసలో ఎక్కడ తెగినా కూర్చున్నవాళ్లకు కనపడేది "డెస్క్‌టాప్ రాలేదు" అన్నదొక్కటే. మరమ్మతు మాత్రం తెగిన చోటును బట్టి పూర్తిగా మారిపోతుంది.

ఆ చోటు కనిపెట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. క్యాప్స్ లాక్ నొక్కితే లైటు వెలిగి ఆరుతోందా? అయితే కెర్నెల్ బతికే ఉంది. ఎవరూ ముట్టుకోకుండానే ఆ లైటు అదేపనిగా కొట్టుకుంటుంటే కెర్నెల్ చేతులెత్తేసినట్టు. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా పట్టుకోవాల్సి వస్తుంది. నల్లటి తెర మీద "లాగిన్" అని తెల్లని అక్షరాలు కనిపిస్తే సగం టెన్షన్ అక్కడే తీరిపోయినట్టు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొడితే లోపలికి వెళ్లొచ్చు. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనపడవు, కీబోర్డు పాడైందనుకోవద్దు.

తెలుగులో డెస్క్‌టాప్ పెట్టుకున్నవాళ్లకు ఇక్కడో చిక్కు ఎదురవుతుంది. ఈ టెక్స్ట్ తెర ఒక్కసారికి గరిష్ఠంగా 512 ఆకారాలున్న ఫాంటునే మోయగలదు. గుణింతాలు, ఒత్తులు కలిపి కూర్చే యంత్రాంగం దానికి అసలే లేదు. అందుకని సిస్టమ్ తెలుగులో చెప్పే ఎర్రర్లన్నీ అక్కడ గడులుగా, వజ్రం గుర్తులుగా కనిపిస్తాయి. సిస్టమ్ పాడైందని కంగారుపడక్కర్లేదు. ల్యాంగ్ అనే వేరియబుల్‌ను 'సీ' అని మారుస్తే ఆ సెషన్ వరకు అన్నీ ఇంగ్లీషులో వస్తాయి. (ఇక్కడ కమాండ్ల పేర్లు పలికే తీరులో రాసి ఉన్నాయి. టైపు చేసేది ఎటూ ఇంగ్లీషు అక్షరాల్లోనే.)

లోపలికి వెళ్లాక ముందుగా చూడాల్సింది డ్రైవర్ కాదు, డిస్కులో ఖాళీ. చాలామంది దీన్ని ఆఖర్న చూస్తారు. రిలీజ్ అప్‌గ్రేడ్ అంటే వందల ప్యాకేజీలు దిగుతాయి, విప్పుకుంటాయి, కొత్త కెర్నెల్ చేరుతుంది. 'డీఎఫ్' కమాండుకు 'హెచ్' ఆప్షన్ ఇచ్చి చూస్తే ఏ విభాగం ఎంత నిండిందో తెలుస్తుంది. అక్కడ '/' లేదా '/home' వరసలో 100% అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. దీని వేషం కూడా తమాషాగా ఉంటుంది. లాగిన్ తెర వస్తుంది, పాస్‌వర్డ్ కొడితే ఒక్క క్షణం నల్లబడి మళ్లీ అదే లాగిన్ తెరకు తిరిగొస్తుంది. పాస్‌వర్డ్ తప్పు అనదు, ఇంకేమీ చెప్పదు. ఎందుకంటే డెస్క్‌టాప్ సెషన్ మొదలవ్వాలంటే కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి, రాయడానికి చోటు లేదు. మరి లాగిన్ తెర ఎలా వచ్చింది, టెక్స్ట్ తెరలోకి ఎలా వెళ్లగలిగాం? ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5% చోటును రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) కోసం పక్కన పెట్టేస్తుంది. మామూలు యూజర్‌కు డిస్క్ నిండిపోయినా రూట్‌గా నడిచే సర్వీసులకు ఇంకా కొంచెం ఊపిరి ఉంటుంది. ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే, తీసేసే కమాండు ఆప్ట్. 'ఆప్ట్ క్లీన్' కొడితే దించుకున్న ప్యాకేజీ ఫైళ్లు పోతాయి. అప్‌గ్రేడ్ అయిన వెంటనే ఇవే గిగాబైట్లలో ఉంటాయి. ఆ ఖాళీ చాలు, లాగిన్ అయిపోతుంది.

బూట్ విభాగం విడిగా ఉన్న మెషీన్లలో ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. పాత కెర్నెళ్లు పేరుకుపోయి ఆ చిన్న విభాగం నిండుతుంది. కొత్త కెర్నెల్ ఫైలు ఎలాగో సర్దుకుంటుంది గానీ దానికి కావాల్సిన ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ తయారయ్యేసరికి చోటు చాలదు. రీబూట్ చేస్తే రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదంటూ కెర్నెల్ ప్యానిక్. ఇది డెస్క్‌టాప్ దాకా రాకముందే, వరస మొదట్లోనే తెగడం. పాత కెర్నెల్‌తో లేచి, 'ఆప్ట్ ఆటోరిమూవ్'తో అక్కర్లేని కెర్నెళ్లను తీసేసి, 'అప్‌డేట్ ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్' మళ్లీ నడిపితే సరి.

పాత కెర్నెల్‌తో లేవడమంటే గ్రబ్ మెనూ దగ్గరికి వెళ్లాలి. పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ పట్టుకుని, యూఈఎఫ్ఐ ఉన్నవాటిలో లోగో పోగానే ఎస్కేప్ తట్టి ఆ మెనూ తెప్పించొచ్చు. "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోపల పాత కెర్నెళ్లు, వాటి రికవరీ మోడ్‌లు వరసగా ఉంటాయి. పాత కెర్నెల్‌తో డెస్క్‌టాప్ వచ్చేస్తే తేడా కొత్త కెర్నెల్‌లోనో, దానికి కట్టిన డ్రైవర్‌లోనో ఉన్నట్టు. రాకపోతే కెర్నెల్‌ను వదిలేసి పై మెట్ల మీద వెతకాలి. రెండు నిమిషాల పరీక్షతో వెతకాల్సిన మేర సగానికి సగం తగ్గుతుంది.

ఇక ఎన్విడియా. ఇంటెల్, ఏఎమ్‌డీ కార్డుల డ్రైవర్లు కెర్నెల్‌తో కలిసే వస్తాయి కాబట్టి కెర్నెల్ మారితే అవీ మారతాయి. ఎన్విడియా సొంత డ్రైవర్ అలా కాదు. దాని మాడ్యూల్ (కెర్నెల్‌లోకి ఎక్కే ముక్క) ప్రతి కెర్నెల్‌కూ విడిగా ఉండాలి. ఉబుంటు కొన్నిటిని ముందే కట్టి, సంతకం చేసి ఇస్తుంది. లేకపోతే డీకేఎమ్ఎస్ అనే ఏర్పాటు మన మెషీన్ మీదే కడుతుంది. అలా కట్టాలంటే ఆ కెర్నెల్ హెడర్లు ఉండాలి, కంపైలర్ ఉండాలి, డ్రైవర్ కోడ్ కొత్త కెర్నెల్‌తో కుదరాలి. మూడింట్లో ఒకటి లేకపోయినా మాడ్యూల్ తయారవదు. అప్‌గ్రేడ్ నడుస్తున్నప్పుడు ఆ ఎర్రర్ తెర మీద కనిపించే ఉంటుంది, కాకపోతే వేల లైన్ల మధ్య ఎవరు చూస్తారు? 'డీకేఎమ్ఎస్ స్టేటస్' కొడితే ఏ కెర్నెల్‌కు మాడ్యూల్ ఉందో, దేనికి లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. 'ఎన్విడియా ఎస్ఎమ్ఐ' కమాండు డ్రైవర్, లైబ్రరీ వెర్షన్లు కలవలేదని చెబితే కెర్నెల్‌లో ఉన్నది ఒక వెర్షన్, పైన ఎక్కినది ఇంకో వెర్షన్ అని అర్థం. ఇది ఒక్కోసారి రీబూట్‌తోనే పోతుంది.

మాడ్యూల్ తయారైనా లోపలికి రానివ్వని ఇంకో కాపలాదారు ఉన్నాడు: సెక్యూర్ బూట్. అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ తీసుకోదు. అందుకే డ్రైవర్ ఎక్కేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమని అడుగుతుంది. తర్వాతి రీబూట్‌లో నీలి రంగు తెర ఒకటి వచ్చి, ఏదో ఒక మీట నొక్కమని కొన్ని సెకన్లు ఎదురుచూస్తుంది. అక్కడ "ఎన్‌రోల్ మాక్" ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇస్తేనే తాళంచెవి నమోదవుతుంది. జనం సరిగ్గా ఆ టైముకే టీకి వెళ్తారు. తిరిగొచ్చేసరికి నీలి తెర పోయి నల్ల తెర ఉంటుంది. 'మాడ్‌ప్రోబ్ ఎన్విడియా' కొట్టినప్పుడు తాళంచెవిని తిరస్కరించినట్టు మెసేజ్ వస్తే జరిగింది ఇదే. 'మాక్‌యుటిల్'తో మళ్లీ నమోదుకు పెట్టి, ఈసారి కుర్చీలోంచి కదలకుండా కూర్చుంటే చాలు. దీనికోసం సెక్యూర్ బూట్‌నే ఆపేయమని చెప్పే సలహాలు బోలెడు దొరుకుతాయి. పని జరుగుతుంది, నిజమే. ఇంటికి తాళంచెవి పోయిందని తలుపే తీసేయడం ఎంత తెలివైన పనో ఇదీ అంతే.

కార్డు వయసు ఇంకో సంగతి. ఫెర్మీ తరం కార్డులకు 390 సిరీస్ డ్రైవరే ఆఖరు, దాని మద్దతు 2022 చివరితో ముగిసింది. కెప్లర్ తరానికి 470 సిరీస్ ఆఖరు. మన దగ్గర అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లలో ఇప్పటికీ కనిపించే జీటీ 730తో మెలిక ఏంటంటే, ఆ ఒక్క పేరు మీదే ఫెర్మీ చిప్ ఉన్న కార్డులూ అమ్మారు, కెప్లర్ చిప్ ఉన్నవీ అమ్మారు. పెట్టె మీద పేరు చూసి డ్రైవర్ ఎక్కిస్తే లాటరీయే. 'ఎల్ఎస్‌పీసీఐ' కమాండు ఇచ్చే వరసలో చిప్ పేరు జీఎఫ్‌తో మొదలైతే ఫెర్మీ, జీకేతో మొదలైతే కెప్లర్. ఫెర్మీ అయితే కొత్త కెర్నెల్ మీద ఎన్విడియా డ్రైవర్ కోసం కుస్తీ పట్టకుండా, అన్నీ తీసేసి ఓపెన్ సోర్స్ నూవో డ్రైవర్‌తో సర్దుకోవడమే మేలు. బ్రౌజర్‌కు, ఆఫీసు పనికి అది సరిపోతుంది.

అన్నిటికన్నా మొండి కేసు, ఎన్విడియా సైట్ నుంచి ఇన్‌స్టాలర్ ఫైలు దించుకుని నేరుగా ఎక్కించినవాళ్లది. అది వచ్చిన సంగతే ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు. అప్‌గ్రేడ్ తన లైబ్రరీలు తాను పెడుతుంది, పాతవి పక్కనే ఉంటాయి, రెండూ కొట్టుకుంటాయి. 'ఎన్విడియా అన్‌ఇన్‌స్టాల్' నడిపి దాన్ని పూర్తిగా వదిలించుకున్నాకే 'ఉబుంటు డ్రైవర్స్' సూచించినదాన్ని ఎక్కించాలి. పనిలో పనిగా ఈటీసీ కింద ఎక్స్11 ఫోల్డరులో ఏళ్ల నాటి 'జార్గ్ డాట్ కాన్ఫ్' ఫైలు మిగిలిపోయిందేమో చూసి పేరు మార్చేయడం మంచిది. ఇప్పటి ఎక్స్ సర్వర్‌కు మామూలుగా ఆ ఫైలుతో పనే లేదు. అందులో లేని డ్రైవర్ పేరు రాసి ఉంటే మాత్రం దాన్నే పట్టుకుని వేలాడి, స్క్రీన్లు దొరకలేదని చెప్పి ఆగిపోతుంది.

'నోమోడ్‌సెట్' గురించి ఒక మాట. గ్రబ్ మెనూలో ఈ అనే అక్షరం నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర ఆ మాట చేర్చి, ఎఫ్10 కొడితే డెస్క్‌టాప్ ఏదో ఒక రూపంలో వచ్చే అవకాశం ఎక్కువ. తెర రిజల్యూషన్ నిర్ణయించే పనిని 2009 నుంచి మెల్లగా కెర్నెలే తీసుకుంది. ఆ పని చేయొద్దని చెప్పడమే ఈ మాట. లోపలికి వెళ్లి డ్రైవర్ సరిచేసుకోవడానికి పనికొస్తుంది. కానీ దీన్ని శాశ్వతంగా రాసేసుకుని, వీడియో నత్తనడక నడుస్తోందని, రెండో మానిటర్ కనపడటం లేదని నెలల తరబడి బాధపడేవాళ్లున్నారు. కాలు విరిగినప్పుడు ఇచ్చిన కర్ర అది, కట్టు విప్పాక పక్కన పెట్టేయాలి.

లాగిన్ తెరకే తిరిగి తిరిగి వచ్చే కేసుల్లో డిస్కు ఖాళీగానే ఉంటే, సమస్య సిస్టమ్‌ది కాకుండా ఆ యూజర్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. టెక్స్ట్ తెరలోంచి 'యాడ్‌యూజర్'తో కొత్త యూజర్‌ను చేసి, ఆ పేరుతో డెస్క్‌టాప్‌లోకి వెళ్లి చూడాలి. కొత్త యూజర్‌కు చక్కగా వస్తే డ్రైవర్లు, డిస్‌ప్లే మేనేజర్ అన్నీ బాగున్నట్టే; పాత యూజర్ హోమ్ ఫోల్డరులో ఏదో అడ్డుపడుతోంది. తరచూ కనపడేది 'ఎక్స్ అథారిటీ' ఫైలు. డెస్క్‌టాప్ రాలేదన్న కంగారులో ఎవరో 'సుడో స్టార్ట్ఎక్స్' కొట్టి ఉంటారు. దాంతో ఆ ఫైలు రూట్ సొంతమైపోతుంది, ఇక ఎక్స్ సెషన్‌లోకి వెళ్లేటప్పుడు యూజర్‌కు తన సొంత ఫైలు మీదే అధికారం ఉండదు. 'చౌన్'తో తిరిగి ఇప్పిస్తే పోతుంది. అప్‌గ్రేడ్ చేసిన తప్పు కాదది, అప్‌గ్రేడ్‌ను బాగుచేయబోయి చేసిన తప్పు.

గ్నోమ్‌లో అయ్యో అంటూ తెల్ల తెర వచ్చి లాగౌట్ అవమంటే ముందు ఎక్స్‌టెన్షన్లను ఆపి చూడాలి. 2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45తో ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారింది. 22.04లో ఉన్నది గ్నోమ్ 42, 24.04లో వచ్చేది 46. అంటే ఈ మార్పు సరిగ్గా మధ్యలో పడింది. లాగిన్ తెర మీద చక్రం గుర్తు నొక్కి, వేలాండ్ బదులు జార్గ్ (ఎక్స్) సెషన్ ఎంచుకుని చూడటం కూడా ఒక పరీక్షే. అయితే ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్‌కు ఆ జార్గ్ సెషన్ లేదు. కాబట్టి ఈ చిట్కా ఉన్న పాత సలహాలు కొత్త వెర్షన్ల మీద పనిచేయవు.

అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయినా, ల్యాప్‌టాప్ మూత వేసేసినా ప్యాకేజీలు సగం సగం ఎక్కి ఉంటాయి. దీనికి మందు పాతదే: 'డీపీకేజీ కాన్ఫిగర్'కు 'ఏ' ఆప్షన్‌తో మిగిలిన పని పూర్తి చేయించి, తర్వాత 'ఆప్ట్ ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్' నడపాలి. రికవరీ మెనూలో ఉన్న 'డీపీకేజీ' అనే లైన్ కూడా విరిగిన ప్యాకేజీల కోసమే. నెట్ కావాలంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ పెడితే చాలు, టెక్స్ట్ తెరలో వైఫై పాస్‌వర్డ్‌లతో కుస్తీ పట్టే పని తప్పుతుంది.

ఇక్కడ ఒక్కచోట మాత్రం నెమ్మదిగా చదవాలి. ఆప్ట్ పని మొదలుపెట్టే ముందు ఏవి తీసేయబోతోందో జాబితా ఇస్తుంది. అందులో ఉబుంటు డెస్క్‌టాప్, జీడీఎమ్3 లాంటి పేర్లు కనిపిస్తే 'వై' కొట్టకూడదు. 2021 నవంబరులో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లైనక్స్ మీద ఆటల యాప్ స్టీమ్ ఎక్కించబోతే ఆప్ట్ డెస్క్‌టాప్ మొత్తాన్నీ తీసేస్తానని హెచ్చరించింది. ఆయన చెప్పినట్టే చెయ్యమని టైపు చేసి ముందుకెళ్లారు, డెస్క్‌టాప్ ఎగిరిపోయింది. తప్పు ప్యాకేజీల్లో ఉన్నదే, కానీ హెచ్చరిక తెర మీదే ఉంది. అప్‌గ్రేడ్‌లో అలా డెస్క్‌టాప్ ప్యాకేజీ పోయి ఉంటే 'ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు డెస్క్‌టాప్' కొడితే తిరిగొస్తుంది, హోమ్ ఫోల్డరు జోలికి పోదు. ఏది ఎప్పుడు ఎక్కిందో, ఏది పోయిందో ఆప్ట్ తన హిస్టరీ లాగ్‌లో తేదీలతో సహా రాసిపెడుతుంది.

అప్‌గ్రేడ్ పరికరమే తేడా చేసిన సందర్భాలూ లేకపోలేదు. 22.04 వాళ్లకు మామూలుగా 24.04.1 వచ్చాకే అప్‌గ్రేడ్ పిలుపు అందుతుంది. 2024 ఆగస్టు 15న రావాల్సిన ఆ విడుదల, అప్‌గ్రేడ్‌లో దొరికిన లోపాల వల్ల ఆగస్టు 29కి వెళ్లింది. తొందరపడి ముందే బలవంతంగా అప్‌గ్రేడ్ చేసినవాళ్లు ఆ లోపాలకు ఎదురెళ్లినట్టు.

ఇవేవీ తేల్చకపోతే లాగ్‌లు చదవాలి. 'జర్నల్ సీటీఎల్'కు 'బీ' ఆప్షన్ ఇస్తే ఇప్పటి బూట్, దాని పక్కన మైనస్ ఒకటి చేరిస్తే అంతకుముందు బూట్ కనిపిస్తాయి. 'యూ' పెట్టి జీడీఎమ్ పేరిస్తే దాని గొడవ ఒక్కటే వస్తుంది. ఎర్ర లైన్లన్నీ చూసి బెదిరిపోనక్కర్లేదు. ఏసీపీఐ, బ్లూటూత్ ఎర్రర్లు బాగున్న మెషీన్‌లో కూడా రోజూ ఉంటాయి. పాత కెర్నెల్‌తో బాగా లేచిన బూట్ లాగ్‌ను పక్కన పెట్టుకుని, అందులో లేనిది ఇందులో ఏముందో చూడాలి. కొత్తగా కనిపించిన ఎర్రర్లలో కూడా మొదటిదాన్ని పట్టుకోవాలి. జీడీఎమ్ పడిపోయిందన్న లైన్ ఆఖర్న ఉంటుంది, అది పడిపోవడానికి కారణమైన మాడ్యూల్ ఎక్కలేదన్న లైన్ చాలాపైన ఉంటుంది.

డెస్క్‌టాప్ తిరిగొచ్చాక గ్రబ్ సెట్టింగుల ఫైల్లో నోమోడ్‌సెట్ మిగిలిపోయిందేమో, జీడీఎమ్ కాన్ఫిగరేషన్‌లో పరీక్ష కోసం ఆపిన వేలాండ్ అలాగే ఉందేమో చూసుకోవాలి. పరీక్షకు చేసిన కొత్త యూజర్‌ను తీసేయాలి. అప్‌గ్రేడ్ తనంతట తాను ఆపేసిన బయటి రిపాజిటరీలు (ప్యాకేజీలు దిగే చోట్లు) కూడా ఇంకా ఆగే ఉంటాయి. బ్రౌజర్‌కు నెలల తరబడి అప్‌డేట్లు రావడం లేదని తర్వాతెప్పుడో తెలిసేది దీనివల్లే.